ఒకటో తారీఖు అద్దె కట్టాల్సిన స్పైడర్‌మ్యాన్

ఈ సంక్రాంతికి టంగుటూరు దగ్గర మా ఊరెళ్లేసరికి అన్న వాళ్ల బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం, నిండా ఆకు ఉంది. పొగాకు పండించే ఇళ్లలో పండగ పండగే, మంట మంటే. ఒకసారి ఆకు ఎక్కించి పొయ్యి వెలిగించాక భోగి అయినా కనుమ అయినా రాత్రంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఆకు పండుబారే దాకా వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబెట్టాలి, తొందరపడి పెంచితే ఆకుపచ్చగానే ఎండిపోతుంది, ఇక ఆ ఆకుని వేలంలో ఎవరూ చూడరు. అన్నకి జ్వరంగా ఉందని కనుమ రాత్రి నేను కూర్చున్నాను. తోడుగా మా అక్క కొడుకు, అన్న కొడుకు వచ్చారు. పెద్దోడు ఇంజనీరింగ్ మూడో ఏడు, చిన్నోడు ఇంటర్ రెండో ఏడు.

పదకొండు దాటాక ఇద్దరూ ఫోన్లో ఏదో వీడియో చూస్తూ గొడవ మొదలుపెట్టారు. టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, టామ్ హాలండ్, సినిమాల్లో ఆ వేషం వేసిన ఈ ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లలో ఎవరు గొప్ప అని. ఈ గొడవ కొత్తదేమీ కాదు, పదేళ్లుగా నడుస్తూనే ఉంది, 2026 జులై 31న కొత్త సినిమా వస్తుందని ప్రకటించాక మళ్లీ ఊపందుకుంది. పెద్దోడు ఆండ్రూ పక్షం. "రెండు సినిమాలతోనే ఆపేశారు మామా, అంత బాగా చేసినోణ్ణి" అని ఇప్పటికీ బాధపడతాడు. చిన్నోడిది టామ్ హాలండ్ పక్షం. "స్కూలు పిల్లోడంటే నిజంగా స్కూలు పిల్లోడిలా ఉంది ఒక్క టామే బాబాయ్, మిగతా ఇద్దరూ మీసాలు గీసుకుని వచ్చిన అన్నల్లా ఉంటారు" అన్నాడు. సూట్ ఎవరిది బాగుంది, సాలెగూడు చేతిలోంచి రావాలా మిషన్‌లోంచి రావాలా, ఫైట్లు ఎవరివి బాగున్నాయి, ఎవరి సినిమాకి ఎంత వసూలైంది, ఇలా అరగంట సాగింది.

చివరికి పెద్దోడు నా వైపు తిరిగి, "నువ్వెటూ టోబీ బ్యాచే కదా మామా, నిన్నడిగేదేముంది" అన్నాడు.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నేను టోబీ బ్యాచ్ అవడానికి వాడనుకున్న కారణం నా వయసు. నా కారణం వేరే ఉంది. "అద్దె కట్టలేనోడే రా స్పైడర్‌మ్యాన్" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నవ్వి, తర్వాత తెల్లారేదాకా నన్ను వదల్లేదు. ఆ రాత్రి నేను సరిగ్గా చెప్పలేకపోయింది, వాళ్లు చెప్పినదానికి నేను ఒప్పుకోవాల్సింది, అంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నుంచీ ఇది డబ్బు కథే

కామిక్స్ అభిమానులు సాలెగూడు మిషన్ గురించి కొట్టుకుంటారు. రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో 1962లో కామిక్‌లో ఈ కుర్రాణ్ణి, పీటర్ పార్కర్‌ని, పుట్టించినప్పుడు వాడు మిషన్ తనే తయారు చేసుకున్నాడు కాబట్టి టోబీది అసలు స్పైడర్‌మ్యానే కాదంటారు. నిజమే, దర్శకుడు శామ్ రైమీ టోబీతో తీసిన 2002 సినిమాలో దాన్ని మార్చేశాడు. కానీ అదే మొదటి కథలో ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. శక్తి రాగానే ఆ కుర్రాడు మొదట చేసింది లోకాన్ని కాపాడటం కాదు, డబ్బు సంపాదించబోవడం. కుస్తీ పందెంలో దిగాడు, టీవీలో షో చేశాడు. తను వదిలేసిన దొంగ చేతిలోనే తనని పెంచిన బెన్ బాబాయ్‌ని పోగొట్టుకున్నాక మరుసటి ఏడు, 1963లో, వాడి పేరుతో సొంత పత్రిక మొదలైంది. దాని మొదటి సంచికలో ఏముందంటే, స్పైడర్‌మ్యాన్ పేరు మీద చెక్కు ఇస్తారు, బ్యాంకులో గుర్తింపు చూపించమంటారు, ముసుగు తప్ప వాడి దగ్గర ఏమీ లేదు, చెక్కు మారదు. ఇంట్లో అద్దె బాకీ. మే పిన్ని తన నగలు తాకట్టు పెట్టడం వాడి కంటపడుతుంది. జీతం వస్తుందేమోనని ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్‌హీరోల జట్టు దగ్గరికి వెళ్లి, అక్కడ జీతాలుండవని తెలిసి వెనక్కి వస్తాడు.

నగల తాకట్టు, చెల్లని చెక్కు, దొరకని ఉద్యోగం. మన జిల్లాలో ఏ ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టినా ఈ కథ చెప్పేవాళ్లుంటారు. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే పేట ఎక్కడుందో నాకు తెలియకముందే ఆ కుర్రాడు నాకు తెలిసినవాడిలా ఎందుకు అనిపించాడో, ఈ సంచిక గురించి చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు అర్థమైంది.

ఇరవై డాలర్లు

2004. నేను ఒంగోల్లో ఇంటర్ హాస్టల్లో ఉన్నాను. 2000-01లో పొగాకుకి క్రాప్ హాలిడే పెట్టి పంట ఆపినప్పుడు మా నాన్న చేసిన అప్పులు ఇంకా తీరలేదు. నోట్ల మీద వడ్డీ పెరుగుతూ ఉంది. ఇంటర్ రెండో ఏడు ఫీజు సగం కట్టి సగం ఆపాం. ఒక ఆదివారం అమ్మ బస్సులో వచ్చింది, మెడలో ఎప్పుడూ ఉండే నాను కనపడలేదు, పసుపుతాడు ఒక్కటే ఉంది. నేను అడగలేదు, తను చెప్పలేదు. కాలేజీ ఆఫీసులో డబ్బు కట్టి రసీదు మడిచి నా జేబులో పెట్టి, వెళ్లేముందు కొంగు ముడి విప్పి యాభై రూపాయల నోటు తీసి చేతిలో పెట్టింది. వద్దన్నాను. "ఏందన్నా కొనుక్కోరా" అని గదమాయించింది. ఆ ముడిలో ఇంకా చిల్లర మాత్రమే మిగిలింది, బస్సు చార్జీకి.

ఆ యాభైతోనే తర్వాతి వారం స్పైడర్‌మ్యాన్ 2 చూశాను, తెలుగులో.

సినిమా మొదలవడమే పిజ్జా డెలివరీతో. వాడు ఆలస్యం చేస్తాడు, డబ్బు రాదు, ఉద్యోగం పోతుంది. పత్రికాఫీసులో ఫోటో అమ్మితే వచ్చింది ఇంతకుముందు తీసుకున్న అడ్వాన్సుకే చాలదంటారు. కాలేజీలో ప్రొఫెసర్ చీవాట్లు. ఇంటికొస్తే ఆ రోజు వాడి పుట్టినరోజని కూడా వాడికి గుర్తులేదు. మే పిన్నికి బ్యాంకు నోటీసు వచ్చి ఉంటుంది, ఇల్లు పోయేలా ఉంది. అలాంటి రోజున ఆమె వాడికి ఇరవై డాలర్లు ఇస్తుంది. వాడు వద్దంటాడు. ఆమె ఒక్కసారిగా గొంతు పెంచి తీసుకోమంటుంది, వెంటనే ఏడుస్తుంది.

ఆ సీన్ దగ్గర నేను కుర్చీలో కదల్లేకపోయాను. హాల్లో ఎవరో ఈల వేస్తున్నారు, ఇంకెవరో సమోసాలు పంచుకుంటున్నారు, నాకు మాత్రం కొంగు ముడి విప్పుతున్న వేళ్లు కనబడుతున్నాయి. తర్వాత వాడు తన గదికి వెళ్తాడు, ఇంటి ఓనరు అద్దె అడుగుతాడు, నా దగ్గర ఉన్నది ఈ ఇరవయ్యే అని వాడు చూపిస్తుంటే ఓనరు ఆ నోటు లాక్కుని వెళ్లిపోతాడు. పిన్ని చేతిలోంచి కొడుకులాంటి వాడి చేతిలోకి, అక్కణ్నుంచి ఓనరు జేబులోకి, ఒకే ఒక్క నోటు, రెండు సీన్లలో. ఇది కథ రాసినవాళ్లకి ఊరికే తట్టదు. డబ్బు ఎలా ప్రయాణం చేస్తుందో తెలిసినవాళ్లే అలా రాయగలరు.

తర్వాత అదే సినిమాలో రైలు ఆపుతాడు, ముసుగు లేకుండా సొమ్మసిల్లితే జనం చేతుల మీద మోసుకెళ్తారు. అందరూ ఆ సీన్ గురించే చెబుతారు. గొప్ప సీనే. కానీ ఆ రైలు సీన్‌కి బలం ఆ ఇరవై డాలర్ల నుంచే వచ్చిందని నా నమ్మకం. ఇంత పోగొట్టుకుంటున్నవాడు ఇంకా ఎందుకు అడ్డం నిలబడుతున్నాడు అనే ప్రశ్న మనలో ముందే పుట్టి ఉండబట్టే కదా కళ్లు చెమరుస్తాయి.

పెద్దోడు అడిగినవి

ఇదంతా బ్యారన్ దగ్గర నేను ఇంత వరసగా చెప్పలేదు. చెప్పినంతవరకూ విని పెద్దోడు ఒక్కటే అన్నాడు. "నువ్వు విన్నది టోబీ గొంతు కాదు మామా. డబ్బింగ్ చెప్పినోడి గొంతు. మరి టోబీ బాగా చేశాడని నీకెట్టా తెలుసు?"

చాలా మంచి ప్రశ్న. దీనికి నేను తడుముకున్నాను. నేను ప్రేమించిన ఆ కుర్రాడిలో సగం తెరమీది ముఖం, సగం పేరు తెలియని ఒక తెలుగు మనిషి గొంతు. ఎన్నో ఏళ్ల తర్వాత ఇంగ్లీషులో చూసినప్పుడు నాకే కొత్తగా, కొంచెం పరాయిగా అనిపించింది. వీళ్లు ముగ్గుర్నీ ఇంగ్లీషులో సబ్‌టైటిల్స్‌తో చూసి పోలుస్తున్నారు, నేను ఒకణ్ణి మాతృభాషలో విని మిగతా ఇద్దర్ని పరాయి భాషలో విన్నాను. త్రాసు మొదటే ఒకపక్కకి వంగి ఉంది. ఆ మాట ఒప్పుకున్నాను. ఇప్పుడూ ఒప్పుకుంటున్నాను.

వాడు అక్కడితో ఆగలేదు. "డబ్బు కథ అంటున్నావు, ఆండ్రూ సినిమాలో బెన్ ఎందుకు చచ్చిపోయాడో గుర్తుందా? రెండు సెంట్లు" అన్నాడు. నిజంగానే 2012 సినిమాలో ఆ కుర్రాడికి పాలు కొనడానికి రెండు సెంట్లు తక్కువవుతాయి, కొట్టువాడు ఇవ్వనంటాడు, ఆ కోపంలో కొట్టు దోచుకుని పోతున్నవాణ్ణి వీడు ఆపడు, ఆ దొంగే బెన్‌ని కాలుస్తాడు. 2014 సినిమాలో మే పిన్ని ఇల్లు గడవడానికి వాడికి చెప్పకుండా నర్సు ట్రైనింగ్ తీసుకుంటూ ఉంటుంది. ఇవి నేను పూర్తిగా మరిచిపోయాను. ఊరినుంచి వచ్చాక రెండు సినిమాలూ మళ్లీ చూశాను. వాడు చెప్పింది చెప్పినట్టు ఉంది.

అయినా ఒక మాట. ఆ రెండు సినిమాల్లోనూ ఈ విషయాలు ఒక సీన్‌లో వచ్చి వెళ్లిపోతాయి. కథని నడిపేది మాత్రం తండ్రి దాచిపెట్టిన ఫైళ్లు, తండ్రి చేసిన పరిశోధన, తండ్రి రహస్యం. ఆ సాలీడు ఎవరినైనా కుట్టి ఉండేది, ఎవరికైనా ఇది జరిగి ఉండేది అన్నదే ఈ కథలో నాకు నచ్చేది. దాన్ని వంశం కథ చేసేస్తే వాడు మళ్లీ మన తెరమీద చూసే పెద్దింటి వారసుడే అవుతాడు. ఆండ్రూ నటనలో లోపం వెతకలేం. ఆ వంతెన మీద కారులో చిక్కుకున్న పిల్లాడికి తన ముసుగు ఇచ్చి తొడుక్కోమని ధైర్యం చెప్పే సీన్, తర్వాత ఆ పిల్లాడి తండ్రే క్రేన్లు వరసగా తిప్పించి వీడికి దారి ఇవ్వడం, ఈ మూడు వరసల సినిమాల్లోనూ అంత మంచి రుణం తీర్చుకోవడం నేను చూడలేదు. కథ వాణ్ణి మోసం చేసింది, వాడు కథని మోయబోయాడు.

పెద్దోడితో ఇంకో సంగతి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, వాణ్ణి అడిగి రాస్తున్నాను. 2014 సినిమాలో ప్రేమించిన గ్వెన్ పడిపోతుంటే ఆండ్రూ సాలెగూడు విసురుతాడు, అది ఆమెని అందుకుంటుంది కూడా, కానీ ఒక క్షణం ఆలస్యం. 2021 డిసెంబర్లో వచ్చిన, ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ కలిసి కనిపించే టామ్ సినిమా నో వే హోమ్‌లో ఇంకో అమ్మాయి అలాగే పడుతుంటే ఈసారి పట్టుకుంటాడు, పట్టుకుని ఏడుస్తాడు. నెల్లూరులో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు వాణ్ణి ఆ సినిమాకి తీసుకెళ్లింది నేనే. హాలంతా అరుపులు. నా పక్కన వీడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అదే ఏడాది మేలో మా నాన్న, అంటే వాడి తాత, కరోనాతో పోయాడు. ఆ రాత్రి మందు కోసం ఊరంతా తిరిగి వాడు వచ్చేసరికి తాత పోయి పది నిమిషాలు దాటింది. అప్పుడు వాడికి పదిహేనేళ్లు. ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు, అనే ప్రశ్నే లేదు. వాడు మాత్రం ఇప్పటికీ ఆ పది నిమిషాలూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

వాడు ఆండ్రూ గొప్ప అంటే ఇక నేను ఏ పాయింటుతో కాదనగలను?

విలన్ చేతికిచ్చిన కష్టం

చిన్నోడితో వాదన వేరేలా నడిచింది, ఎందుకంటే టామ్ హాలండ్ సినిమాల మీద నాకు నిజంగానే కోపం ఉండేది. 2017లో హోమ్‌కమింగ్ చూసినప్పుడు ఇదేం స్పైడర్‌మ్యాన్ అనుకున్నాను. కోటీశ్వరుడు టోనీ స్టార్క్ సూట్ ఇస్తాడు, ఆ సూట్ మాట్లాడుతుంది. రెండో సినిమాలో పిల్లలంతా యూరప్ ట్రిప్పు. అద్దె లేదు, ఫీజు లేదు. హోమ్‌కమింగ్‌లో డబ్బు కష్టం ఎవరికుందో చూడండి: విలన్‌కి. శిథిలాలు ఎత్తే కాంట్రాక్టు దొరికిందని లారీలు కొనుక్కున్న టూమ్స్‌ని, స్టార్క్‌తో కలిసి ప్రభుత్వం పెట్టిన సంస్థ వచ్చి పక్కకి నెట్టేస్తుంది, పనివాళ్లకి జీతాలివ్వాలి, ఇంట్లో కూతురుంది, అక్కణ్నుంచి వాడు దొంగ దారి పడతాడు. అప్పుపాలైన మనిషి బాధంతా తీసుకెళ్లి విలన్ చేతిలో పెట్టి, హీరోని వాడి మీదకి పంపిన సినిమా అది. నాకు ఇప్పటికీ ఇది మింగుడుపడలేదు.

చిన్నోడు దీన్ని కాదనలేదు. "సూట్ తీసేసుకున్నాక?" అన్నాడు. స్టార్క్ సూట్ వెనక్కి తీసుకున్నాక ఆ కుర్రాడు తను కుట్టుకున్న పాత బట్టల్లో వెళ్తాడు, గోడౌన్ మీద పడుతుంది, కింద ఇరుక్కుని భయంతో ఏడుస్తాడు, ఎవరైనా రండి అని అరుస్తాడు. ఎవరూ రారు. అప్పుడు తనే లేపుకుంటాడు. 1966లో కామిక్‌లో డిట్కో గీసిన సీన్ నుంచే అది వచ్చింది. "నీ టోబీ ఎప్పుడన్నా అంత భయపడ్డాడా బాబాయ్?" అన్నాడు. లేదు. టోబీ అలిసిపోతాడు, దిగులు పడతాడు, విసిగి సూట్ చెత్తకుండీలో పడేస్తాడు. పిల్లాడిలా భయపడడు. ఇంటర్ హాస్టల్లో దుప్పటి కప్పుకుని ఏడ్చిన నాకు ఆ భయం తెలియాలి నిజానికి, కానీ ఆ సీన్‌ని నేను ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

తర్వాత వాడు నో వే హోమ్ చివర గుర్తుచేశాడు. అందరూ ఆ టామ్ కుర్రాణ్ణి మరిచిపోతారు. మే పిన్ని లేదు, స్నేహితులకి వాడెవరో తెలియదు. ఒక ఇరుకు గది అద్దెకి తీసుకుంటాడు. ఓనరు ఒకటో తారీఖుకి అద్దె కట్టాలి, ఆలస్యం చెయ్యొద్దు అంటాడు. స్కూలు పరీక్ష ప్రైవేటుగా రాయడానికి పుస్తకం ఉంటుంది. సూట్ మళ్లీ తనే కుట్టుకుంటాడు. "మీవాడు మొదలుపెట్టిన చోటికే మావాడూ వచ్చాడు గదా" అన్నాడు చిన్నోడు. అప్పుడు మూడు గంటలైంది. వేడి చూడటానికని లేచి కిటికీ అద్దం దగ్గరికి వెళ్లాను, టార్చి వేసి చూస్తే 100 మీదే ఉంది, లోపల కర్రలకి వేలాడుతున్న ఆకు అంచులు పసుపు తిరుగుతున్నాయి. కాసేపు అక్కడే నిలబడ్డాను. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు.

నేను ఎక్కడ నిలబడ్డాను

తిరిగొచ్చాక వారం పాటు ఇదే ఆలోచన. నేను కేవలం నా పదహారేళ్ల వయసుని కాపాడుకోవడానికి వాదిస్తున్నానా? కొంత అదే, కాదనను. ఎవరికి ఏ వయసులో ఏ దెబ్బ తగిలిందో ఆ దెబ్బని చూపించినవాడే వాళ్ల స్పైడర్‌మ్యాన్ అవుతున్నాడు. అలాగైతే పోల్చడమే దండగ అని వదిలెయ్యొచ్చు. నేను వదిలెయ్యలేను. ఎందుకంటే ఆ రాత్రి పోల్చుకోబట్టే మా ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. అమ్మ నాను గురించి నేను వాళ్లకి ఆ రోజే మొదటిసారి చెప్పాను. ఆ యాభై రూపాయలు ఎక్కడివో ఒకడికి నాన్నమ్మ, ఒకడికి అమ్మమ్మ అయిన మా అమ్మ వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు.

పేదరికం చూపిస్తేనే స్పైడర్‌మ్యాన్ అన్న నా మాట మాత్రం కొంచెం సవరించుకుంటాను. ముసుగు తొడుక్కున్నందుకు వాడు ఏం చెల్లిస్తున్నాడు అన్నది నా కొలత. ఆండ్రూ ఒకేసారి చెల్లిస్తాడు, ప్రేమించిన పిల్లని. టామ్ ఒకేసారి చెల్లిస్తాడు, తనని గుర్తుపట్టే మనుషులందరినీ. టోబీ రోజూ చెల్లిస్తాడు. ఒక రోజు ఉద్యోగం, ఒక రోజు మార్కులు, ఒక రోజు ప్రేమించిన మేరీ జేన్ నాటకం, ఆలస్యంగా వచ్చావని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. సూట్ ఉతుక్కుంటే రంగు దిగి తెల్ల బట్టలన్నీ పాడైపోతాయి, అది కూడా నష్టమే. చావు చూపించి ఏడిపించడం సినిమాకి తేలిక. కట్టాల్సిన డబ్బు కట్టలేక తల దించుకున్న మనిషిని కోట్ల ఖర్చుతో తీసిన సినిమాలో ఓపిగ్గా చూపించడం కష్టం, ఆ కష్టం పడ్డది ఆ ఒక్క సినిమానే. అందుకే నా ఓటు ఇప్పటికీ 2004కే. మిగతా ఇద్దరి మీద నా పాత కోపం మాత్రం పోయింది.

ఇది చదివి పెద్దోడు ఏమంటాడో తెలుసు, రోజూ చెల్లించేది నర్సు ట్రైనింగ్‌కి వెళ్లిన మే పిన్ని కూడానూ అంటాడు. అంటే ఒప్పుకుంటాను.

కొత్త సినిమాలో విలన్ ఎవరు, సూట్ ఎలా ఉంటుంది అని చిన్నోడు రోజుకో వీడియో పంపుతున్నాడు. నేను వాణ్ణి ఒక్కటే అడిగాను, ఆ ఇరుకు గది ఉంటుందా, ఆ ఓనరు మళ్లీ కనిపిస్తాడా అని. వాడు క్యాలెండర్ చూసి ఫోన్ చేశాడు. "బాబాయ్, రిలీజు జులై 31 శుక్రవారం. మర్నాడు ఒకటో తారీఖు. వాడు అద్దె కట్టాలి" అన్నాడు. మొదటి రోజు ఒంగోల్లో మూడు టికెట్లు తీయమన్నాడు, పెద్దోడు కాలేజీ నుంచి వచ్చేస్తానన్నాడట.